క్రిస్మస్ ప్రణయ చిత్రములు: గుణదోష విచారము

ఉత్సవసమయమునందు ప్రదర్శించుటకై కూర్చిన ప్రణయకథ భారతీయ సాహిత్యమునకు క్రొత్తది కాదు. కాళిదాసుని "మాళవికాగ్నిమిత్రము", హర్షుని "రత్నావళి" వసంతోత్సవమున ప్రదర్శింపబడుటకు ఉద్దేశింపబడినవని వాని ప్రస్తావనలే తెలుపుచున్నవి. ప్రణయలోలుడగు రాజు, అంతఃపురములో మఱుగుపడియున్న రాజకన్య, అడ్డుపడు పట్టమహిషి, తుదకు కల్యాణము: ఈ చట్రము ప్రేక్షకునకు ముందే తెలియును. తెలిసియు అతడు వచ్చి కూర్చుండును. "రత్నావళి" వంటి రచనలకు ధనంజయాది లాక్షణికులు నాటిక యని పేరిడి, నాలుగంకములు, శృంగారము, కైశికీవృత్తి, ధీరలలితుడగు నాయకుడు అను లక్షణములను నిర్ణయించిరి. సూత్రబద్ధ మగుటయే దోషమైనచో, లక్షణకర్తలు దానిని లక్షణముగా చెప్పియుండరు.

నేడు ఉత్సవప్రణయకథ మిక్కిలి విస్తారముగా ఉత్పత్తి యగుచున్న ప్రదేశము ఉత్తర అమెరికా. అక్టోబరు చివరినుండి డిసెంబరు ముగియువఱకు అచ్చటి టెలివిజన్ ఛానెళ్లు అల్పవ్యయముతో తీసిన క్రిస్మస్ ప్రణయ చిత్రములను రాత్రింబవళ్లు ప్రసారము చేయుచుండును. వీనిని కోరి చూచువారు లక్షలకొలది కలరు. పరిహసించువారును తక్కువ కాదు. పరిహాసకులు చెప్పు మాట ఒక్కటియే: చిత్రములన్నియు ఒక్కతీరుగా నున్నవి, ముగింపు మొదటనే తెలిసిపోవుచున్నది. ఈ ఆక్షేపణ బాణము గురి తప్పినదని చూపుటయు, ఈ చిత్రముల నిజమైన లోపమెక్కడ నున్నదో నిరూపించుటయు ఈ వ్యాసమున ఉద్దేశింపబడిన పని.

1. పుట్టుపూర్వోత్తరములు

ఈ చిత్రముల చరిత్ర ఒక గ్రీటింగు కార్డుల వ్యాపారముతో ముడివడియున్నది. జాయిస్ హాల్ అను యువకుడు 1910లో మిస్సౌరీ రాష్ట్రమునందలి కాన్సస్ సిటీకి వచ్చి పోస్టుకార్డుల వర్తకము ప్రారంభించెను. అదియే కాలక్రమమున హాల్‌మార్క్ సంస్థగా పెరిగినది. 1951 డిసెంబరు 24న ఆ సంస్థ పోషణలో ఎన్.బి.సి. టెలివిజన్ "అమాల్ అండ్ ది నైట్ విజిటర్స్" అను సంగీతరూపకమును ప్రసారము చేసెను. జాన్ కార్లో మెనోట్టి రచించిన ఈ కృతి టెలివిజన్ కొఱకే కూర్చబడిన మొదటి ఆపెరాగా ప్రసిద్ధి కెక్కినది. అందలి నాయకుడు ఊతకఱ్ఱతో నడచు ఒక పేదబాలుడు. శిశువగు యేసును దర్శింప బోవుచున్న ముగ్గురు రాజులు ఒక రాత్రి ఆ బాలుని గుడిసెలో బస చేయుదురు. బిడ్డ ఆకలిని చూడలేని తల్లి వారి బంగారమును దొంగిలింపబోయి పట్టుపడును. దారిద్ర్యము, నేరము, క్షమ, భక్తి: ఈ నాలుగును ఆ చిన్నకథలో ఇమిడియున్నవి. హాల్‌మార్క్ పేరుతో వెలువడిన తొలి క్రిస్మస్ కథ ఇట్టిదని ముందు విచారమునందు జ్ఞాపకముంచుకొనవలసియున్నది.

2001లో హాల్‌మార్క్ ఛానెల్ ఆ పేరుతో ప్రారంభమైనది. అంతకుముందు దాని పేరు ఒడిస్సీ. ఆ ఒడిస్సీకి మూలము మతసంస్థలు నడపిన ప్రసారములు. 2009 నుండి ఈ ఛానెల్ "కౌంట్‌డౌన్ టు క్రిస్మస్" అను పేరుతో పండుగ చిత్రములను వరుసగా ప్రసారము చేయుచున్నది. 2019లో సంస్థ తన రెండు ఛానెళ్లకు కలిపి ఆ ఒక్క పండుగకాలమునకే 40 క్రొత్త చిత్రములను సిద్ధపఱచెను. లైఫ్‌టైమ్ ఛానెల్ ఇదే బాటలో నడచెను. అంతర్జాలము ద్వారా చిత్రములను అందించు నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2017లో "ఎ క్రిస్మస్ ప్రిన్స్" చిత్రముతో ఈ రంగమున ప్రసిద్ధి పొందెను.

ఇన్ని చిత్రములను ఏటేట తీయుటకు వ్యయమును, కాలమును బిగించుకొనక తప్పదు. చిత్రీకరణ సాధారణముగా రెండు మూడు వారములలో ముగియును. పన్ను రాయితీలు లభించు కెనడాలో, ముఖ్యముగా బ్రిటిష్ కొలంబియా, ఆంటారియో రాష్ట్రములలో, అత్యధిక చిత్రములు తీయబడుచున్నవి. ఆంటారియోలోని ఆల్మాంట్ వంటి చిన్నపట్టణము తెరపైన అమెరికాలోని ఏదో ఒక పట్టణముగా మాఱిపోవును. తఱచుగా నడివేసవిలో నటులు ఉన్నిదుస్తులు ధరించి నటింతురు. నేలపై తెల్లని దుప్పట్లు, నురుగు, పొడిచేసిన మంచుగడ్డలు హిమముగా పరచబడును. ప్రకటనలకు చోటు విడువవలసియుండుటచే కథను తొమ్మిది భాగములుగా విభజించుట హాల్‌మార్క్ రచనలలో వాడుక. ప్రతి భాగము చివరను, ప్రేక్షకుడు లేచిపోకుండునట్లు, ఒక చిన్న కొక్కెము ఉండవలయును. ఇట్లు కథాశరీరమే వాణిజ్యపు కొలతలకు కత్తిరింపబడినది.

2. కథాచట్రము

ఈ చిత్రములలో కథ యించుమించుగా ఇట్లు నడచును. నాయిక మహానగరములో ఉద్యోగిని. పనియందు సమర్థురాలు, మనస్సునందు ఒంటరి. ఏదో పని తగిలి పండుగకు ముందు ఒక చిన్న పట్టణమునకు పోవును. అది జన్మస్థలమైనను కావచ్చును, అపరిచితమైనను కావచ్చును. అచ్చట ఒక అంగడియో, సత్రమో, క్రిస్మస్ చెట్ల తోటయో మూతపడు స్థితిలో నుండును. దానితో సంబంధముగల యువకుడు, తఱచుగా భార్యను కోల్పోయి బిడ్డను పెంచుకొనుచున్నవాడు, ఆమెకు మొదట కంటగింపగును. ఇద్దఱును కలిసి చెట్టు నలంకరింతురు, బిస్కత్తులు కాల్తురు, మంచులో జాఱుదురు. కథ ముప్పాతిక నడచిన తర్వాత ఒక అపార్థము పుట్టును. పండుగనాటి సాయంకాలమునకు అది విడిపోవును. ఆమె నగరమును విడిచి అచ్చటనే నిలిచిపోవును. మొదటి ముద్దు చివరి నిమిషములలో జరుగును. ఆ క్షణముననే మంచు కుఱియ నారంభించును.

ఈ చట్రములో ముఖ్యమైన రెండు శాఖలు కలవు. మొదటిది పట్టణశాఖ. 2014లో వెలువడిన "క్రిస్మస్ అండర్ రాప్స్" దీనికి చక్కని ఉదాహరణము. శస్త్రవైద్యమున పైశిక్షణకై బోస్టనులో స్థానమును ఆశించిన యువవైద్యురాలు అది దక్కక అలాస్కాలోని గార్లండ్ అను కల్పిత పట్టణమునకు పోవును. బోస్టను స్థానము తర్వాత దక్కినను ఆమె పట్టణమునే వరించును. రెండవది రాజశాఖ. "ఎ క్రిస్మస్ ప్రిన్స్"లో న్యూయార్కు పత్రికలో పనిచేయు ఆంబర్ అను యువతి ఆల్డోవియా అను కల్పితరాజ్యమునకు వార్తలకై పోయి, రాజకుమారి గురువుగా భ్రమింపబడి, ఆ మాఱువేషముతోనే రాజభవనములో నివసించును. యువరాజు దత్తపుత్రుడన్న రహస్యము బయటపడి సింహాసనము చేజాఱబోవుచుండగా, క్రిస్మస్ చెట్టుకు వ్రేలాడు ఒక అలంకారవస్తువులో దాచియుంచిన మృతరాజుని శాసనము దొరకును.

ఈ రెండవ శాఖను "రత్నావళి"తో పోల్చి చూచిన ఆసక్తికరములగు సామ్యములు కనబడును. సింహళ రాజకన్య సముద్రములో ఓడ మునుగగా బ్రదికి బయటపడి, సాగరిక యను పేరుతో వాసవదత్త అంతఃపురములో పరిచారికగా నుండును. మదనోత్సవమునాడు రాజును మొదటిసారి చూచును. చివర ఆమె మెడలోని రత్నమాల ఆమె గుర్తింపునకు తోడ్పడును. అక్కడ రత్నమాల, ఇక్కడ చెట్టునకు కట్టిన అలంకారము. అక్కడ వసంతోత్సవము, ఇక్కడ క్రిస్మస్. రెండింటను భవనములో మాఱురూపముతోనున్న నాయిక. ఒకదానినుండి మఱియొకటి పుట్టినదని చెప్పుటకు వీలులేదు. చెప్పవలసిన పనియు లేదు. వ్లాదిమిర్ ప్రోప్ 1928లో రష్యను అద్భుతకథలను పరిశీలించి 31 కథాంగములను నిరూపించిన నాటినుండి, వేఱువేఱు రచనలలో ఒకే అస్థిపంజరము కానవచ్చుట పండితులకు ఆశ్చర్యము కలిగింపదు. జాన్ కవెల్టీ 1976లో ప్రణయ, సాహస, అపరాధ కథలను గూర్చిన గ్రంథమున సూత్రబద్ధ కథనమును ఒక కళావిధానముగనే విచారించెను.

3. ఆకర్షణకు కారణములు

ముగింపు తెలిసిన కథను జనులు ఏల చూచుచున్నారను ప్రశ్నకు భారతీయ రసశాస్త్రము సులభముగా సమాధానము చెప్పగలదు. రసము కుతూహలముపై ఆధారపడియుండదు. రామునకు సీత దక్కునో దక్కదో యని ఎవడును రామాయణ హరికథకు పోడు. ఫలము నిశ్చితమైనప్పుడు ప్రేక్షకుని మనస్సు "ఏమగును" అను ఆందోళన నుండి విముక్తమై, "ఎట్లగును" అను ఆస్వాదమునందు నిలుచును. నెట్‌ఫ్లిక్స్ సంస్థ 2017 డిసెంబరులో ట్విట్టరునందు, తన క్రిస్మస్ చిత్రమును 53 మంది 18 దినములుగా ప్రతిదినము చూచుచున్నారని తెలిపి, వారికి మనోవ్యథ ఏమి కలిగెనో యని హాస్యమాడెను. చూపరుల అలవాట్లను సంస్థ కనిపెట్టుచున్నందులకును, వారిని ఎగతాళి చేసినందులకును ఆక్షేపణలు వచ్చెను. ఆ యెగతాళి నటుంచి చూచినచో, ఆ సంఖ్యలో ఒక సత్యము కలదు. పదునెనిమిదవ దినమున ఆ చిత్రమును చూచువాడు కథను తెలిసికొనుటకు చూచుట లేదు. భజనకీర్తనను మఱల పాడుకొనువానివలె, అభ్యస్తమైన భావమును మఱల పొందుటకు చూచుచున్నాడు.

రెండవ కారణము సామాజికమైనది. జానిస్ రాడ్‌వే 1984లో ప్రచురించిన గ్రంథములో, మధ్య అమెరికాలోని ఒక పట్టణమున ప్రణయనవలలు చదువు స్త్రీలను విచారించెను. దినమంతయు భర్తకు, బిడ్డలకు ఊడిగము చేయువారికి పుస్తకము తెఱచుకొను కాలము తమకు మాత్రమే చెందిన కాలమని ఆమె పరిశోధనలో తేలినది. అందఱిని ఆదరించువారిని ఆదరించువారెవరు అను ప్రశ్నకు ప్రణయకథ ఊహలోనైనను ఒక ఉత్తరమిచ్చును. క్రిస్మస్ చిత్రమున కిది మఱింత వర్తించును. పాశ్చాత్యగృహములలో పండుగభారము అధికముగా స్త్రీలపైననే పడును: కానుకలు కొనుట, వంట, బంధువుల మర్యాద. తెరపై మాత్రము పండుగను ఊరంతయు కలిసి మోయును. నాయకుడును పిండి కలుపును. ఇది చిన్న విషయముగా తోచును. కాని చూచువారికి చిన్నది కాదు.

మూడవ కారణము దుఃఖమునకు సంబంధించినది. పండుగలు లేనివారిని జ్ఞాపకము చేయును. ఈ చిత్రములలో నాయకుడో నాయికయో పూర్వము భార్యనో, తల్లినో, తండ్రినో కోల్పోయినవారగుట అనుకోకుండ జరిగినది కాదు. మృతురాలగు తల్లి చేతివ్రాతలోనున్న వంటసూత్రము, పోయినవారు ప్రతియేడు చెట్టుకు కట్టుచుండిన నక్షత్రము వంటి వస్తువులు ఈ కథలలో తఱచుగా కనబడును. కుటుంబములో ఒకరిని కోల్పోయిన తర్వాతి మొదటి పండుగను గడపువారికి, ఆస్పత్రిలో రోగి ప్రక్కన కూర్చున్నవారికి, దూరదేశమున ఒంటరిగా నున్నవారికి ఇది రెండు గంటల ఊఱట. ఈ ఊఱటను తక్కువచేసి మాటాడుట విమర్శకునకు తగదు.

ఇచ్చట గ్రీటింగు కార్డుతో నున్న బంధుత్వమును గుర్తుకు తెచ్చుకొనవలయును. కార్డుపై అచ్చువేసిన వాక్యము ఎవరికైనను సరిపోవునట్లు ఉద్దేశపూర్వకముగ సామాన్యముగా నుండును. కొన్నవాడు క్రింద తన పేరు వ్రాసినప్పుడే అది ఒక మనుష్యుని మాట యగును. ఈ చిత్రములును అట్టివే. వానిలోని పట్టణము ఏ పట్టణమును కాదు. కాబట్టి ప్రేక్షకుడు తన ఊరిని అందులో నింపుకొనగలడు. ఆకర్షణకు మూలమైన ఈ సామాన్యతయే దోషమునకును మూలము.

4. దోషస్వరూపము

నాట్యశాస్త్రము కార్యమునకు ఆరంభము, ప్రయత్నము, ప్రాప్త్యాశ, నియతాప్తి, ఫలాగమము అని ఐదవస్థలు చెప్పినది. వీనిలో మూడవదియగు ప్రాప్త్యాశ కీలకము. ఉపాయమును, అపాయశంకయు కలిసియున్న దశ యిది. ఫలము దక్కునను ఆశ, దక్కదను భయము ఒకేసారి నిలిచిన చోటు. ఫలము నిశ్చితమని ప్రేక్షకునకు తెలిసినను, పాత్రకు తెలియదు. పాత్ర భయము సత్యమైనప్పుడే ప్రేక్షకుని ఆనందము సత్యమగును. విప్రలంభమే సంభోగమునకు పుష్టి నిచ్చునను లాక్షణికుల మతమునకు తాత్పర్యమిదియే.

"రత్నావళి"లో అడ్డంకి ఒక మనిషి. వాసవదత్త రాజును ప్రేమించిన భార్య. ఆమె కోపమునకు న్యాయము కలదు. సాగరిక నిరాశతో తీగను ఉరిగా బిగించుకొనబోవును. తర్వాత చెఱలో పడును. నాటిక లఘుస్వభావము గలదే యైనను, అందలి వేదన బొంకు కాదు. క్రిస్మస్ చిత్రములో అడ్డంకి సాధారణముగా రెండు విధములు. ఒకటి నగరమునందలి పూర్వప్రియుడు. అతడు ఎల్లప్పుడు చేత ఫోను పట్టుకొని, పండుగను సరకుచేయక, ప్రేక్షకుడు జాలిపడుటకు అవకాశమీయని రీతిని చిత్రింపబడును. విడిపోవునపుడు అతనికిని బాధలేదు, ఆమెకును బాధలేదు. రెండవది అపార్థము. నాయిక ఫోనులో పలికిన సగము మాటను నాయకుడు వినును. మిగిలిన సగము విన్నచో కథయే లేదు. ఒక్క ప్రశ్నతో తీఱిపోవు కలహమును ప్రాప్త్యాశాస్థానమున నిలిపినందున, దాని వెనుక వచ్చు ఫలాగమము బరువులేనిదగుచున్నది. ముగింపు ముందే తెలియుట లోపము కాదు. ఆ ముగింపునకు ఎవ్వరును ఏ మూల్యమును చెల్లింపకపోవుట లోపము.

ఈ భేదమును అమెరికా చలనచిత్రములే స్పష్టము చేయును. 1940లో ఎర్నెస్ట్ లూబిచ్ తీసిన "ది షాప్ అరౌండ్ ది కార్నర్" క్రిస్మస్ ప్రణయకథయే. ముగింపు అందును ముందే తెలియును. బుడాపెస్టులోని ఒక అంగడిలో ఇద్దఱు గుమాస్తాలు ఒకరినొకరు సహింపలేక, తెలియకయే ఒకరికొకరు ప్రేమలేఖలు వ్రాసికొనుచుందురు. కాని ఆ అంగడిలో ఉద్యోగము పోవునను భయము ప్రతి గుమాస్తా ముఖముననున్నది. భార్యాబిడ్డలుగల పిరోవిచ్, యజమాని అభిప్రాయమడిగినప్పుడెల్ల, సమాధానము చెప్పవలసివచ్చునని మెల్లగా తప్పించుకొనిపోవును. నాయకుడు నిష్కారణముగా ఉద్యోగము కోల్పోవును. భార్య వంచించినదని తెలిసిన యజమాని ఆత్మహత్యకు పూనుకొనును. చివర పండుగరాత్రి అంగడి మూసిన తర్వాత ఆ వృద్ధుడు మంచులో నిలిచి, ఇంటికి పోవుచున్న పనివారిని పలుకరించుచు, తనవలెనే ఎవరును లేని క్రొత్తకుఱ్ఱవానిని భోజనమునకు తోడ్కొనిపోవును. ప్రేక్షకుని హృదయము కరగుటకు అచ్చట కారణమున్నది; ఒంటరితనమును చూపినపిమ్మటనే చిత్రము తోడును చూపినది.

1946లో ఫ్రాంక్ కాప్రా తీసిన "ఇట్స్ ఎ వండర్‌ఫుల్ లైఫ్" ఇంకను దగ్గఱి ఉదాహరణము. 1974లో దాని కాపీహక్కు పునరుద్ధరింపబడకపోగా, పలు టెలివిజన్ కేంద్రములు ఏటేట ప్రసారము చేయుటచే అది పండుగచిత్రముగా స్థిరపడినది. చిన్న పట్టణములో నిలిచిపోవుటయే దాని కథావస్తువు. ఈనాటి చిత్రముల వస్తువును అదియే. కాని జార్జి బెయిలీ లోకము చుట్టిరావలెనను కలను, కళాశాల చదువును, విదేశయాత్రను ఒక్కటొక్కటిగా త్యజించి నిలిచినవాడు. నిలిచినందులకు లోలోపల మండినవాడు. 8,000 డాలర్లు పోగా వంతెనపైనుండి దూకి చావబోయినవాడు. ఊరివారు డబ్బు పోగుచేసి అతనిని రక్షింతురు. డబ్బును దాచిన ధనికుడు పాటర్ మాత్రము శిక్షింపబడడు. పట్టణమును స్తుతించుచునే ఆ పట్టణము మనిషినుండి తీసికొను మూల్యమును కాప్రా దాచలేదు. "క్రిస్మస్ అండర్ రాప్స్" వైద్యురాలు బోస్టనును విడుచుటలో అట్టి మూల్యము కానరాదు. ఏండ్లతరబడి ఆశించిన శస్త్రవైద్యశిక్షణను విడిచినందులకు ఒక రాత్రియైనను ఆమె దుఃఖించియున్నచో, ఆమె ఎన్నిక ఎన్నిక యగును. దుఃఖింపనందున అది కేవలము సర్దుబాటు. స్త్రీ తన విద్యను, వృత్తిని విడిచి సుఖపడునని ఏటేట పలుమార్లు చెప్పుచు, ఆ విడుపులో నష్టము లేదని నమ్మించుట కళాదోషము మాత్రమే కాదు, న్యాయదోషము కూడ.

పట్టణచిత్రణమునకును ఇదే వర్తించును. మూతపడుచున్న అంగడి ఏల మూతపడుచున్నదో ఈ చిత్రములు చెప్పవు. అప్పు, వైద్యవ్యయము, ఫ్యాక్టరీ తరలిపోవుట, యువకులు ఊరు విడుచుట తెరపైకి రావు. ఒక్క వేలముపాటయో, కేకుల పోటీయో ఏర్పాటుచేసిన అంగడి నిలిచిపోవును. చలిలేని మంచువలె, కష్టములేని కడగండ్లు ఇవి. 1951 నాటి రూపకములో ఆకలిగొన్న తల్లి బంగారమునకై చేయిచాచినది. ఆ చేయి తర్వాతి చిత్రములలో ఎచ్చటను కానరాకపోవుట గమనింపదగినది.

5. ఎవరి పండుగ?

1924 డిసెంబరు 25న ప్రతిష్ఠింపబడిన మెదక్ కెథీడ్రల్‌లో పండుగనాటి ఆరాధనను ఎఱిగిన తెలుగువారికి క్రిస్మస్ అనగా మొదట దేవాలయము, ప్రార్థన, కీర్తనము గుర్తుకు వచ్చును. హాల్‌మార్క్ చిత్రములలో దేవాలయము సాధారణముగా దూరముననున్న శిఖరము మాత్రమే; శిశువగు యేసు ప్రస్తావన అరుదు. చెట్టు, దీపములు, వేడి పానీయము, కానుకలు పూజాద్రవ్యముల స్థానమాక్రమించినవి. మతసంస్థల ప్రసారములనుండి పుట్టిన ఛానెల్ చేతనే ఇది జరుగుట చరిత్రలోని వైచిత్రి. ఎవరికైనను సరిపోవలెనను కార్డునీతియే దీనికి కారణము. ఈ లోటును చూపి, 2021లో గ్రేట్ అమెరికన్ ఫ్యామిలీ అను పోటీ ఛానెల్ కుటుంబ, భక్తి విలువల పేరుతో పుట్టినది.

కాని ఎవరికైనను సరిపోవునన్న పండుగ అందఱికిని తెఱచియుండలేదు. చిరకాలము ఈ చిత్రములలో నాయికానాయకులు అత్యధికముగా శ్వేతజాతీయులే. ఇతరులు నాయిక స్నేహితురాండ్రుగా సలహాలు చెప్పుటకు పరిమితులైరి. 2019 డిసెంబరులో ఇద్దఱు వధువుల వివాహమును చూపిన ఒక వాణిజ్యప్రకటనను హాల్‌మార్క్ ఛానెల్ నిలిపివేసి, నిరసనలు చెలరేగగా కొలదిదినములలోనే క్షమాపణ చెప్పి ఆ నిర్ణయమును ఉపసంహరించుకొనెను. 2020లో "ది క్రిస్మస్ హౌస్" చిత్రమున పురుషదంపతుల కథ ఒక పాయగా చేరినది. 2022లో "ది హాలిడే సిట్టర్" చిత్రమున అట్టి ప్రణయమే ప్రధానకథ యైనది. 2023లో "రౌండ్ అండ్ రౌండ్" యూదుల హనుక్కా పండుగను ఆధారముగా చేసికొనెను. ఈ మార్పులు స్వాగతింపదగినవి. అయినను ఒక్క సంగతి విచార్యము: క్రొత్తవారు చట్రములోనికి ప్రవేశించునపుడు చట్రము మాఱినదా, వారే చట్రమునకు తగినట్లు నునుపు చేయబడిరా? తమ ఇంటివారు అంగీకరింతురో లేదోయను భయముతో పండుగకు ఇల్లు చేరువారు లోకమున అనేకులు కలరు. ఆ భయము నిజమైన ప్రాప్త్యాశకు తగిన వస్తువు. దానిని తొలగించి, అందఱును మొదటినుండి సమ్మతించిన లోకమును చూపుట దయగల పనియే. కాని దానివలన కథకు లభింపగల బలము లభింపదు.

6. తెలుగు విమర్శకు సంబంధించిన పాఠము

నగరకన్య పల్లెకు పోయి మనస్సును తెలిసికొను కథ తెలుగువారికిని ప్రియమైనది. యద్దనపూడి సులోచనారాణి నవల "మీనా" ఇందులకు నిదర్శనము. దాని ఆధారముగా విజయనిర్మల దర్శకత్వమున 1973లో చలనచిత్రము వెలువడినది. ఐశ్వర్యములో పెరిగిన మీనా బంధువుల పల్లెకు పోయి, అచ్చటి జీవితమునందు తనకు కావలసినదానిని గుర్తించును. ముగింపు పాఠకురాలికి ముందే తెలియును. కాని మీనాకు అడ్డుపడునది సగము విన్న ఫోను మాట కాదు; కూతురి జీవితమును తన చేత నుంచుకొనగోరు తల్లి ఆధిపత్యము. ఆ అధికారము ఎట్టిదో నవల చదివిన యువతులకు తమ ఇండ్లలోనే తెలియును. అందువలన ఆ స్వప్నకథకు నేల దొరకినది. వారపత్రికల ప్రణయనవలలను ఊహాలోకపు రచనలని ఒక్కమాటతో త్రోసిపుచ్చిన విమర్శకులు ఈ నేలను చూడలేదు. సూత్రబద్ధ రచనలన్నియు సమానములు కావు. సూత్రము సమానమైనను అడ్డంకి సమానము కాదు. రచనలను తారతమ్యముతో పరీక్షించుటకు ఇదియే సరియైన గీటురాయి.

ఈ గీటురాయిపై ఒరసి చూచినపుడు క్రిస్మస్ ప్రణయ చిత్రముల విలువ రెండు వైపులను తేలుచున్నది. ఉత్సవకాలమున అలసినవారికి, ఒంటరివారికి, దుఃఖితులకు నిశ్చితమైన సుఖాంతమును ఇచ్చుట ప్రాచీనమును, గౌరవనీయమునగు కళాధర్మము. దానిని నెఱవేర్చుటలో ఈ చిత్రములకు నిజమైన ప్రతిభ కలదు. వ్యయము తక్కువగుట దోషమునకు హేతువు కాదు. లూబిచ్ చిత్రములోని వృద్ధుడు కుఱ్ఱవానిని పలుకరించుటకు ఒక వీధి, కొంత మంచు, ఇద్దఱు నటులు చాలిరి. లోపించినది ధనము కాదు, దుఃఖమును చూచు ధైర్యము. ఊఱట కోరి వచ్చిన ప్రేక్షకునకు దేనినుండి ఊఱట కావలెనో ఈ చిత్రములు అడుగవు. అడిగిన పండుగ చెడునని వాని భయము. నాటికాకర్తలకు ఆ భయము లేదు. వసంతోత్సవమునాడే వారు సాగరిక చేత ఉరిత్రాటిని పట్టించిరి, వాసవదత్త కన్నీటిని చూపిరి. అటుపిమ్మట జరిగిన కల్యాణమును చూచి ప్రేక్షకులు నిండుమనస్సుతో ఇండ్లకు పోయిరి.